పదేళ్ల లెక్క చెప్పిన గ్రాహం

హిమాయత్‌నగర్‌లో కోచింగ్ అయ్యాక ఫోన్‌లో షేర్లు చూస్తున్నారా? కొనేముందు బెంజమిన్ గ్రాహం గురించి తెలుసుకోండి. 1894లో లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1907 మార్కెట్ పతనంలో తల్లి డబ్బూ పోయింది. 1914లో కొలంబియాలో డిగ్రీ చేసి వాల్‌స్ట్రీట్‌లో ఎదిగినా, 1929 పతనం ఆయన్నీ గట్టిగా దెబ్బకొట్టింది. 1934లో డేవిడ్ డాడ్‌తో కలిసి రాసిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’లో ఒక్క ఏడాది లాభాన్ని నమ్మొద్దని, కనీసం ఐదేళ్లు, వీలైతే పదేళ్ల సగటు తీయాలని చెప్పారు. ఆ పాత లాభాలను ద్రవ్యోల్బణం ప్రకారం నేటి విలువలోకి మార్చే పద్ధతిని తర్వాత రాబర్ట్ షిల్లర్ ప్రాచుర్యంలోకి తెచ్చారు.

షేరు ధర రూ.300, ఈ ఏడాది షేరుకు లాభం రూ.20 అనుకోండి. ధర లాభానికి 15 రెట్లే, చవకే అనిపిస్తుంది. పదేళ్ల సగటు రూ.10 అయితే? 30 రెట్లు! గ్రాహం 1976లో కన్నుమూశారు. మీ మొదటి జీతాన్ని కాపాడే లెక్క మాత్రం మిగిల్చి వెళ్లారు.