తలుపు తెరిచిన పాస్టరు : ఆంద్రే ట్రోక్మే

ఫ్రాన్సు దేశపు ఉత్తర ప్రాంతంలోని సెయింట్ క్వెంటిన్ పట్టణంలో 1901 ఏప్రిల్ 7న ఆంద్రే ట్రోక్మే ఒక సంపన్న ప్రొటెస్టెంటు కుటుంబంలో జన్మించారు. పదేళ్ళ వయసులో తల్లి కారు ప్రమాదంలో మరణించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆ పట్టణాన్ని ఆక్రమించి, 1917లో ప్రజలందరినీ ఖాళీ చేయించింది. ట్రోక్మే కుటుంబం బెల్జియంలో తలదాచుకుంది. కాందిశీకుల ఆకలి ఎలాంటిదో ఆయనకు ఆ విధంగా చిన్ననాడే తెలిసింది.

వేదాంత విద్యకై 1925లో న్యూయార్కు వెళ్ళినప్పుడు ఇటలీ దేశస్థురాలైన మగ్దాతో పరిచయమై, మరుసటి సంవత్సరం వివాహం జరిగింది. 1934లో లె షాంబోన్ అనే కొండ గ్రామానికి పాస్టరుగా వచ్చారు. అక్కడివారిలో అధికులు ప్రొటెస్టెంటులు. మతం కారణంగా తమ పూర్వీకులు రాజుల చేతిలో పడిన బాధలను తరతరాలుగా చెప్పుకునేవారు. తోటి పాస్టరు ఎడ్వార్డ్ తైస్‌తో కలిసి 1938లో ట్రోక్మే అక్కడ ఒక పాఠశాల స్థాపించారు.

1940 జూన్‌లో ఫ్రాన్సు హిట్లరుకు లొంగిపోయింది. మార్షల్ పెతాఁ ప్రభుత్వం ఏర్పడి, అదే సంవత్సరం యూదులకు వ్యతిరేకంగా చట్టాలు చేసింది. ఆ చలికాలంలో ఒక రాత్రి, జర్మనీ నుండి పారిపోయి వచ్చిన ఒక యూదు స్త్రీ మంచులో తడిసి పాస్టరు ఇంటి తలుపు తట్టింది. మగ్దా ఆమెను లోపలికి పిలిచి అన్నం పెట్టారు. కాగితాల కోసం గ్రామ మేయరు వద్దకు వెళితే, ఊరివారికి ముప్పు వస్తుందని ఆయన నిరాకరించారు. ఆనాటి నుండి ఆ దంపతులు ఆఫీసులను అడగడం మానుకున్నారు.

ఒక ఇంటితో మొదలైనది ఊరంతా, చుట్టుపక్కల పల్లెలంతా పాకింది. రైతుల కొట్టాల్లో, విద్యార్థుల హాస్టళ్ళలో కాందిశీకులను దాచారు. క్వేకర్లు, స్విస్ సంస్థలు డబ్బు పంపాయి. దొంగ గుర్తింపు కార్డులు, రేషన్ కార్డులు తయారయ్యాయి. కొందరిని స్విట్జర్లాండు సరిహద్దు దాటించారు. 1942 ఆగస్టులో పోలీసులు బస్సులతో వచ్చి యూదుల జాబితా ఇమ్మన్నారు. పాస్టరు ఇవ్వలేదు. రోజుల తరబడి వెదికినా వారికి దొరికినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మందే.

1943 ఫిబ్రవరిలో ట్రోక్మేను, తైస్‌ను, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు దార్సిసాక్‌ను అరెస్టు చేశారు. పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకు కూడా మగ్దా భోజనం పెట్టారు. సుమారు నెల రోజుల తరువాత, మార్షల్ ఆజ్ఞలకు కట్టుబడి ఉంటామని సంతకం చేస్తే విడిచిపెడతామన్నారు. గుమ్మం దాటితే స్వేచ్ఛ, ఇంట్లో నలుగురు పిల్లలు. అయినా ఇద్దరు పాస్టర్లూ సంతకం పెట్టలేదు. మరునాడు ఎందుకోగాని పై నుండి ఉత్తర్వు వచ్చి విడుదలయ్యారు.

మన సర్వీసంతా సంతకాలతోనే గడిచింది. పెన్షన్ పొందే మనం నేటికీ ఏటా బ్రతికి ఉన్నామని సంతకం చేస్తూనే ఉన్నాము. సంతకం పెట్టకపోవడం ఎంత కష్టమో మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఆ జాబితాలు రాసినవారూ, బస్సులు పంపినవారూ మనవంటి ఉద్యోగులే. నియమం పాటించాము అన్న మాట వారికీ ఉంది.

ఈ సేవకు మూల్యం లేకపోలేదు. ట్రోక్మే బంధువు, విద్యార్థుల హాస్టలు నడిపిన దానియేల్ ట్రోక్మేను 1943 జూన్‌లో తన విద్యార్థులతో సహా పట్టుకున్నారు. 1944లో ఆయన మైదానెక్ నిర్బంధ శిబిరంలో మరణించారు. ఊరి వైద్యుడు లె ఫొరెస్తియేను 1944 ఆగస్టులో కాల్చి చంపారు.

ఆ కొండప్రాంతంలో ఆశ్రయం పొందినవారు సుమారు 5,000 మంది అనీ, వారిలో యూదులు 3,000కు పైగా అనీ ఒక అంచనా. యుద్ధానంతరం దంపతులిద్దరూ ప్రపంచ శాంతి కోసం పనిచేశారు. 1971 జూన్ 5న ట్రోక్మే జెనీవాలో కన్నుమూశారు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఆయనను, తరువాత మగ్దాను, 1990లో ఆ ప్రాంతాన్నంతటినీ గౌరవించింది.

క్రీస్తును నమ్మడమంటే పొరుగువానికి తలుపు తీయడమేనని ఆయన గ్రహించారు. మన మతం ఏదైనా, మన గుమ్మం ముందు నిలిచినవాని కాగితాలకంటే ముందు వాని ముఖం చూద్దాము. మన మనుమలకు ఈ కథ చెబుదాము.