పేరు లేని పండిట్‌కు బంగారు పతకం

భద్రత, రిస్క్ మేనేజ్‌మెంట్ రంగంలో అవార్డులకు ఇప్పుడు కొదవ లేదు. పెద్ద నగరాల హోటళ్లలో ఏటా వేడుకలు జరుగుతున్నాయి. ఉత్తమ అధికారి, ఉత్తమ బృందం అంటూ జ్ఞాపికలు చేతులు మారుతున్నాయి. సైన్యం నుంచి రిటైరయ్యాక అలాంటి ఒక ఎంపిక సంఘంలో నేనూ కూర్చున్నాను. అక్కడ మా అందరికీ ఎదురైన చిక్కు ఒకటే. ఈ వృత్తిలో గెలుపంటే చాలాసార్లు ఏమీ జరగకపోవడమే. జరగనిదాన్ని ఎలా కొలవాలి? గుట్టుగా ఉంచాల్సిన పనిని నలుగురిలో ఎలా మెచ్చుకోవాలి? దీనికి నాకు తెలిసిన మంచి సమాధానం నైన్ సింగ్ రావత్ జీవితంలో ఉంది.

ఆయన 1830లో కుమావూన్ కొండల్లో, టిబెట్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న మిలం గ్రామంలో పుట్టారు. అక్కడి భోటియాలు తరతరాలుగా కనుమలు దాటి టిబెట్‌తో వ్యాపారం చేసినవారు. అందువల్ల ఆ భాష, ఆచారాలు ఆయనకు ఇంటి విద్యలే. 1850లలో జర్మన్ అన్వేషకులు ష్లాగింట్‌వైట్ సోదరుల దగ్గర పనిచేస్తూ కొలత పరికరాలు వాడటం నేర్చారు. తర్వాత ఊరి బడిలో పంతులయ్యారు. ‘పండిట్’ అన్న పేరు అలా వచ్చింది.

అప్పట్లో టిబెట్‌లోకి యూరోపియన్లకు ప్రవేశం లేదు. హిమాలయాలకు ఆవల ఏముందో బ్రిటిష్ పటాల్లో చాలాచోట్ల ఖాళీయే. గ్రేట్ ట్రిగనోమెట్రికల్ సర్వే అధికారి థామస్ మాంట్‌గోమరీ 1863లో నైన్ సింగ్‌ను, ఆయన బంధువు మణి సింగ్‌ను ఎంచుకున్నారు. డెహ్రాడూన్‌లో శిక్షణ మొదలైంది. కొండ ఎక్కినా దిగినా అంగ పొడవు మారకూడదు. దాదాపు 2,000 అంగలకు ఒక మైలు. జపమాలలో 108 పూసలకు బదులు 100 ఉంచారు. నూరు అంగలకు ఒక పూస జరపాలి. ప్రార్థనా చక్రంలో మంత్రాల కాగితానికి బదులు కొలతల కాగితం. చేతికర్రలో థర్మామీటర్, గవ్వల్లో పాదరసం, పెట్టె అడుగున రహస్య అరలో సెక్స్‌టెంట్. నీరు ఎంత వేడి దగ్గర మరుగుతోందో చూసి ఎత్తు లెక్కకట్టేవారు.

అదే డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీలో నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు రాత్రి నావిగేషన్‌లో మేమూ అంగలు లెక్కపెట్టేవాళ్లం. చీకట్లో కిలోమీటరు దూరం లెక్క నిలబెట్టడమే గగనం. నైన్ సింగ్ 1865–66లో నేపాల్ మీదుగా లాసా చేరి, సాంగ్‌పో నది వెంట మానససరోవరం మీదుగా తిరిగొచ్చారు. మొత్తం సుమారు 1,200 మైళ్లు. అంటే ఇరవై లక్షలకు పైగా అంగలు.

ప్రమాదం ప్రతిచోటా పొంచి ఉంది. సరిహద్దులో ఒకసారి వెనక్కి పంపేశారు. ఆయన వ్యాపారి వేషం మార్చి వేరే బృందంతో మళ్లీ బయల్దేరారు. డబ్బు అయిపోతే దుకాణదారులకు లెక్కలు నేర్పి పొట్ట పోసుకున్నారు. లాసాలో ఇద్దరు కశ్మీరీ ముస్లిం వర్తకులు ఆయన గుట్టు పసిగట్టారు. అయినా బయటపెట్టలేదు సరికదా, అప్పు ఇచ్చి ఆదుకున్నారు. ఒక చైనీయుడి తల నరకడం చూశాక ఆయన బయట తిరగడం తగ్గించారు. ప్రమాదాన్ని అంచనా వేసి మసలుకోవడమంటే ఇదే. ఆయన లెక్క ప్రకారం లాసా అక్షాంశం 29 డిగ్రీల 39 నిమిషాలు. నేటి పటాలూ అదే చూపుతాయి.

1868లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు గడియారం ఇచ్చింది. ఆ ఏడాది దాని పత్రికలో వచ్చిన నివేదిక శీర్షికలో మాత్రం పండిట్ అన్న మాట పక్కన పేరు లేదు. ఒక నక్షత్రం గుర్తు ఉంది. ఆయన ఇంకా పనిలోనే ఉన్నారు. పేరు బయటపడితే ప్రాణం పోతుంది.

చివరి యాత్ర 1874–75లో. లేహ్ నుంచి లాసాకు, అక్కడి నుంచి తవాంగ్ మీదుగా అస్సాంలోని ఉదల్‌గురికి, సుమారు 1,400 మైళ్లు. లాసాలో తనను గుర్తుపట్టే ప్రమాదం ఉందని తెలియగానే రెండు రోజుల్లోనే ఊరు విడిచారు. తవాంగ్‌లో వారాల తరబడి నిర్బంధంలో ఉన్నారు. మన సరిహద్దు చర్చల్లో నేడు ఎప్పుడూ వినిపించే ఆ ఊరి దారిని కొలిచినవాడు ఒక బడిపంతులు.

1877లో అదే సొసైటీ ఆయనకు బంగారు పతకం ప్రకటించింది. ఈసారి పేరుతో సహా. సీఐఈ బిరుదు, ఒక గ్రామం జాగీరు కూడా దక్కాయి. ఆ పటాలతో లాభపడింది సామ్రాజ్యమే, అందులో సందేహం లేదు. అయినా పతకం దక్కింది హోదాకు కాదు, నిలిచిన కొలతకు. 1888లో మన దేశంలో సైనిక నిఘా యాత్రల కోసం మెక్‌గ్రెగర్ పతకం నెలకొల్పారు. స్వాతంత్ర్యానంతరం 1949లో టిబెట్ యాత్రకు జోరావర్ చంద్ బక్షీ దాన్ని అందుకున్నారు.

నేటి ఎంపిక సంఘాలకు నేను చెప్పేది రెండే మాటలు. ఆ పనిని మరొకరు సరిచూస్తే నిలుస్తుందా అన్నది మొదట అడగండి. నివేదిక రాసినవారిని పిలిచే ముందు, అంగలు లెక్కపెట్టింది ఎవరో కనుక్కోండి. గోప్యత అవసరమైనంత కాలం నక్షత్రం గుర్తుతో సరిపెట్టవచ్చు. ఆ అవసరం తీరాక పేరు రాయాల్సిందే. మన దేశం 2004లో నైన్ సింగ్ బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. పతకం వచ్చిన 127 ఏళ్లకు.