కాలాన్ని కనిపెట్టుకొని ఉన్న మనీషి - అంకితం వెంకట నరసింగరావు

కాలం ఎవరికోసమూ ఆగదని పెద్దలు చెబుతారు. ఆ మాట వినని విద్యార్థి ఉండడు. అయితే ఆగని ఆ కాలాన్ని అనుదినం కనిపెట్టుకొని ఉండడమే జీవితకృత్యంగా పెట్టుకొన్న మహనీయుడొకరు మన విశాఖపట్నంలో ఉండేవారు. ఒక కళాశాల పేరులో ఆయన పేరు నేటికీ నిలిచి ఉన్నది. ఆ పేరు ఎరిగినవారు వేలమంది. ఆయన చేసిన పని ఎరిగినవారు అరుదు. ఆయనే అంకితం వెంకట నరసింగరావు (1827-1892).

ఆయన కథ ఆయన మామగారితో ప్రారంభమవుతుంది. జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ వేధశాల అధిపతి టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించారు. తిరిగివచ్చి 1840 ప్రాంతంలో విశాఖలోని డాబా గార్డెన్స్‌లో స్వంత ధనంతో ఒక వేధశాలను నెలకొల్పారు. పట్టణవాసులకూ, ఓడలవారికీ సరియైన వేళ తెలియడానికి డాల్ఫిన్స్ నోస్ కొండమీద ఒక ధ్వజస్తంభాన్ని నిలిపించి, జెండా ద్వారా సంకేతం ఇచ్చే ఏర్పాటు చేశారు.

ఈ ఏర్పాటు ప్రాముఖ్యం గ్రహించాలంటే నాటి పరిస్థితి తెలియాలి. దేశమంతటికీ ఒకే కాలమానం 1906లో గాని రాలేదు. అంతకుముందు ఏ ఊరి కాలం ఆ ఊరిదే. విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు పన్నెండు నిమిషాలకు గాని మద్రాసులో మధ్యాహ్నం కాదు. నేటి హార్బరు 1933లో ప్రారంభమైనది. జగ్గారావు నాటి ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకొని నిలిచేవి. నడిసముద్రంలో తామున్న రేఖాంశం తెలుసుకొనడానికి నావికులకు గడియారమే ఆధారం. అందులో నాలుగు సెకనుల తేడా వస్తే, భూమధ్యరేఖ దగ్గర ఓడ స్థానం లెక్కలో దాదాపు రెండు కిలోమీటర్ల పొరపాటు వస్తుంది. అటువంటి గడియారాలను సరిచూడడానికి ఆకాశం తప్ప వేరే ప్రమాణం లేదు. నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని దూరదర్శినితో పట్టుకొని వేళను నిర్ణయించేవారు.

జగ్గారావు 1856లో, నలభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు. వేధశాల అనాథ అయినది. అప్పటికి నరసింగరావుకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆయన ప్రభుత్వ కొలువులో డిప్యూటీ కలెక్టరు. ఆ రోజులలో ఒక భారతీయునికి అది సామాన్యమైన పదవి కాదు. అధికారం, గౌరవం, జీతం మూడూ ఉన్న పదవి. మామగారి పరికరాలను గదిలో పెట్టి తాళం వేసినా ఆయనను తప్పుపట్టేవారు లేరు. కాని ఆయన ఆ ఉద్యోగాన్ని వదలుకొని వేధశాల భారాన్ని భుజాన వేసుకొన్నారు. మరొకరు ఆరంభించి అసంపూర్ణంగా విడిచిన పనికి తన ఆయుష్షును ధారపోశారు.

ఆయన కృషి విదేశాలలోనూ గుర్తింపు పొందినది. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, 1872లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించాయి. 1874లో ఆయన ఆరంగుళాల దూరదర్శినిని సమకూర్చుకొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరు 9న శుక్ర సంక్రమణం జరిగినది. శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా నల్లని చుక్కవలె సాగిపోవడమే సంక్రమణం. దాని ఆధారంగా సూర్యునికీ భూమికీ మధ్యగల దూరాన్ని లెక్కించడానికి ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు సంసిద్ధులైనారు. విశాఖలో నరసింగరావు పరిశీలించారు. ఆ వివరాలు ఇంగ్లండులోని శాస్త్రపత్రికలో ప్రకటితమైనాయి.

దానికి ముందటి సంక్రమణం 1769 నాటిది, అంటే నూట ఐదు సంవత్సరాల వెనుకటిది. తరువాతిది 1882లో వచ్చినది గాని, మన దేశంలో అప్పుడు రాత్రివేళ. కనుక ఆయన జీవితం మొత్తం మీద అటువంటి ఉదయం ఒక్కటే. అదంతా దాదాపు నాలుగున్నర గంటల వ్యవధి. ఒక మబ్బుతునక అడ్డుపడినా పోయిన అవకాశం మరల రాదు. అటుపిమ్మట శుక్రుడు 2004లోను, 2012లోను సూర్యబింబాన్ని దాటినాడు. ఇక 2117 వరకు దాటడు.

ఇంతటి అపూర్వ దృశ్యాన్ని చూచినందుకే ఆయన గొప్పవారైనారని భావించరాదు. ఆ ఒక్క ఉదయానికి ముందూ వెనుకా వేలకొలది సామాన్య దినాలు ఉన్నాయి. ఉష్ణోగ్రత, వాయుభారం, వర్షపాతం మొదలైనవి ఆ వేధశాలలో క్రమం తప్పక నమోదైనాయి. వాటి ఫలితాలను ఆయన ప్రకటించారు. తుపానులకు నెలవైన మన తీరానికి అటువంటి లెక్కలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఎవరూ మెచ్చుకొనని ఆ దినచర్యే ఆయన చూపును పదును పెట్టినది. అరుదైన ఘడియ వచ్చినప్పుడు ఆయన సిద్ధంగా ఉన్నారంటే, అరుదు కాని ఘడియలను కూడా ఆయన వృథా చేయలేదన్నమాట.

1892లో ఆయన స్వర్గస్థులైనారు. భార్య అచ్చయ్యమ్మగారు వేధశాల బాధ్యత స్వీకరించారు. ఆమె ఔదార్యానికి గుర్తుగా పట్టణంలోని కళాశాలకు మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అనే పేరు వచ్చినది. అక్కడ గణిత, భౌతిక శాస్త్రాలు బోధించిన చంద్రశేఖర అయ్యరు కుమారుడు అదే కళాశాలలో ఎఫ్.ఎ. చదివినాడు. ఆ బాలుడే 1930లో నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్. తెలుగునాట మరొకచోట కూడ ఇటువంటి దీపం వెలిగినది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల దూరదర్శినిని తెప్పించి, తరువాత నిజామియా వేధశాలగా ప్రసిద్ధి చెందిన సంస్థకు పునాది వేశారు. విశాఖ జమీందారు, హైదరాబాదు నవాబు, ఇద్దరి సంపదా ఒకే ఆకాశాన్ని వెదకినది.

విద్యార్థి మిత్రులారా! నేడు వేళ తెలుసుకొనడానికి మనం శ్రమపడనక్కరలేదు. జేబులోని ఫోను సెకనులతో సహా చెబుతుంది. ఓడరేవులోను, ఉక్కు కర్మాగారంలోను షిఫ్టులు ఘడియ తప్పక మారుతున్నాయి. నమాజు వేళలూ, పంచాంగపు తిథులూ అచ్చై మన చేతికి వస్తున్నాయి. వేళ తెలియడం సులభమైనకొద్దీ, దానిని దేనికి వినియోగించాలన్న ప్రశ్న మాత్రం బరువెక్కుతున్నది.

డాబా గార్డెన్స్ వేధశాల నేడు పనిచేయడం లేదు. 2117 నాటి సంక్రమణాన్ని చూడడానికి మనలో ఎవరమూ ఉండబోము. అయినా దానికి కావలసిన లెక్కలు నేడే సిద్ధంగా ఉన్నాయి. తాము చూడలేని దినం కోసం ఎవరెవరో తమ రాత్రులను వెచ్చించిన ఫలితమది. మనకు ముందటివారు అసంపూర్ణంగా విడిచిన మంచి పని ఏదో ఒకటి ప్రతి ఇంటిలోను, ప్రతి వీధిలోను, ఈ కళాశాలలోను ఉండే ఉంటుంది. దానిని గుర్తించి చేపట్టిన దినమే మన ఆయుష్షులో లెక్కకు వచ్చే దినం.