హరిహరులను ఒక్కరిగా కొలిచిన తిక్కన సోమయాజి

సంగం: పెన్న ఒడ్డున సంగంలో వెలసినవాడు సంగమేశ్వరుడు. అదే పెన్న ఒడ్డున దిగువన నెల్లూరులో వెలసినవాడు తల్పగిరి రంగనాథుడు. ఒకరు శివుడు, మరొకరు విష్ణువు. రెండు గుళ్లకూ పోయి దణ్ణం పెట్టుకోవడం ఈ ప్రాంతం వారికి మామూలే. అయితే 750 ఏళ్ల కిందట శైవులు, వైష్ణవులు మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పని కలహించుకునేవారు. ఆ రోజుల్లో శివుడూ విష్ణువూ ఒక్కరేనని చాటినవాడు నెల్లూరు తిక్కన సోమయాజి.

తిక్కన 13వ శతాబ్ది వాడు. కొట్టరువు వారి వంశం. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ్మ. తాత మంత్రి భాస్కరుడు గుంటూరు ప్రాంతం వాడు. తిక్కన నెల్లూరు నేలిన మనుమసిద్ధి రాజు వద్ద మంత్రిగా, కవిగా ఉన్నాడు. రాజు ఆయనను మామా అని వరుస కలిపి పిలిచేవాడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాసి ఆ రాజుకే అంకితమిచ్చాడు.

రాజ్యం నిలిపిన మంత్రి

అక్కన, బయ్యన అనేవారు మనుమసిద్ధిని వెళ్లగొట్టి నెల్లూరును ఆక్రమించుకున్నారు. అప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుని ఆశ్రయించాడు. ఆయనకు భారత కథ వినిపించి మెప్పించాడని చెబుతారు. గణపతిదేవుడు సేనలతో వచ్చి మనుమసిద్ధికి తిరిగి రాజ్యం ఇప్పించాడు.

పశువుల పుల్లరి విషయమై మనుమసిద్ధికీ, యాదవ వీరుడు కాటమరాజుకూ జరిగిన యుద్ధం కథ గొల్లలు నేటికీ పాడతారు. ఆ యుద్ధంలో రాజు పక్షాన నిలిచినవాడు తిక్కన దాయాది సోదరుడు ఖడ్గ తిక్కన. ఓడి ఇంటికి వచ్చిన ఆయనకు భార్య స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ, ఆ అవమానంతో తిరిగి వెళ్లి పోరాడి ప్రాణం విడిచాడనీ కథ.

కలలో హరిహరనాథుడు

నన్నయ మహాభారతాన్ని అరణ్య పర్వం నడుమ విడిచిపెట్టాడు. తిక్కన విరాట పర్వం మొదలు 15 పర్వాలు తెలుగు చేశాడు. చనిపోయిన తండ్రి కలలో కనిపించాడనీ, ఆ వెంటనే హరిహరనాథుడు దర్శనమిచ్చి భారతాన్ని తనకు అంకితమిమ్మని కోరాడనీ ఆయనే విరాట పర్వం మొదట చెప్పుకున్నాడు. అంతకు ముందు రాజుకు కావ్యమిచ్చిన కవి, ఇంత పెద్ద గ్రంథాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు. సగం శివుడూ సగం విష్ణువూ అయిన దేవునికి ఇచ్చాడు.

పెన్న ఒడ్డున రంగనాథుని గుడి దగ్గరే ఈ రచన సాగిందని నెల్లూరు వారి నమ్మకం. ఆదిశేషుడే అక్కడ కొండగా వెలిశాడనీ, అందుకే తల్పగిరి అన్న పేరు వచ్చిందనీ స్థల పురాణం. కశ్యపుడు అక్కడ యజ్ఞం చేశాడని కూడా చెబుతారు.

తిక్కన చెబుతుంటే రాసినవాడు కుమ్మరి గురునాథుడని ప్రతీతి. చెప్పడంలో ఆగితే నాలుక కోసుకుంటానని తిక్కన పంతం పట్టాడట. ఒకచోట మాట తోచక, ఏమి చెప్పాలి గురునాథా అని లేఖకుని అడిగాడట. గురునాథుడు దాన్నే పద్యంలో రాసేశాడు. పంతం ఓడాననుకుని తిక్కన నాలుక కోసుకోబోతే గురునాథుడు ఆపాడు. అక్కడ సంజయుడు ధృతరాష్ట్రునితో మాట్లాడుతున్నాడు. కురునాథా అన్న పిలుపు సంధిలో గురునాథా అవుతుంది, పద్యం సరిగ్గానే ఉందని చూపాడు. మహాకవి మాటనూ ప్రాణాన్నీ కాపాడినవాడు కుండలు చేసే కులం వాడని ఊళ్లలో పెద్దలు ఈ కథను ఇష్టంగా చెబుతారు.

సంగం వద్ద పెన్నపై కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఏరు మాత్రం తిక్కన నాటిదే. మాఘంలో శివరాత్రికి సంగమేశ్వరుని కొలిచిన వారే, ఫాల్గుణంలో రంగనాథుని బ్రహ్మోత్సవాలకు నెల్లూరు బయలుదేరుతారు. తిక్కన కోరింది అదే.