బొగ్గుతో రాసిన దాశరథి

ఇప్పటి మన మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925 జులై 22న దాశరథి కృష్ణమాచార్య గారు పుట్టారు. నిజాంను ఎదిరించినందుకు జైలు పాలయ్యారు. నిజామాబాద్ జైల్లో కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోమని ఇచ్చిన బొగ్గుతోనే గోడల మీద పద్యాలు రాశారు. అప్పుడాయనకు ఏ పదవీ లేదు, బిరుదూ లేదు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను తనతో జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు.

తర్వాత ఎన్నో సినిమా పాటలు రాశారు. 1974లో 'తిమిరంతో సమరం'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1977లో రాష్ట్ర ఆస్థాన కవి పదవి వచ్చాయి. 1983లో ప్రభుత్వం ఆ పదవినే రద్దు చేసింది. చదువుతూ మేము ఇక్కడే ఆగిపోయాం. అంతటి మనిషికి ఆ రోజు ఎట్లా అనిపించిందో! మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. పీజీ కూడా చేశాం. ఒక్క సెలక్షన్ లిస్టులో మా నంబరు లేదని నెల రోజులు ఊరికి పోలేదు. ఏం చేస్తున్నవు బిడ్డా అని అడుగుతారని భయం.

1987 నవంబరు 5న ఆయన కన్నుమూశారు. మా వైపు ఆయనను ఆస్థాన కవి అని ఎవరూ అనరు. దాశరథి అనే అంటారు.