మించాలపాటి కన్నెగంటి హనుమంతు

పల్నాటి చరిత్రమనగానే మనవారికి కారెంపూడి రణరంగమును, బ్రహ్మనాయుడును, నాయకురాలు నాగమ్మయు జ్ఞప్తికి వత్తురు. ఆ కథ జరిగి ఎనిమిది వందల యేండ్లు దాటినది. మన తాతముత్తాతల కాలముననే దుర్గి ప్రాంతమునందలి మించాలపాడను చిన్న పల్లెలో మఱియొక వీరుడు నేలకొరిగెను. ఈ కలహమునకు మూలము కోడిపందెము గాదు, రాజ్యభాగము గాదు; పసులు మేసిన గడ్డి. ఆ వీరుడే కన్నెగంటి హనుమంతు.

హనుమంతు 1870 ప్రాంతమున రైతు కుటుంబమున జన్మించెను. పల్నాటి నేల పెక్కుచోట్ల ఱాతినేల. నాగార్జునసాగరము కాలువలు రాకపూర్వము వానచుక్కయే దిక్కు. జొన్నయో సజ్జయో పండినయేడు పండును, లేనియేడు పాడియే కుటుంబమును నిలుపును. ఆ పాడికి నల్లమల యంచునగల యడవులే ఆధారము. గడ్డికిని, పుల్లకును, నాగటి కొయ్యకును రైతు అడవికే పోవుచుండెను. 1882లో మద్రాసు అడవి చట్టము పుట్టెను. హద్దురాళ్లు వెలసెను. తరతరాల అలవాటు ఆ హద్దుకు ఆవల నేరమయ్యెను. పసులను లోపల మేపుటకు తలకింతయని పుల్లరి చెల్లించి చీటి పొందవలెను.

ఆ కాలపు చిన్న నేరముల శిక్షలను గూర్చి ఇచట కొంత చెప్పక తప్పదు. 1816 నాటి మద్రాసు నిబంధన ప్రకారము తిట్టులాడినవానిని, చిన్న కొట్లాటకు దిగినవానిని గ్రామాధికారి పండ్రెండు గంటలు చావడిలో నిర్బంధింపవచ్చును. తక్కువ కులమువాడైనచో ఆఱు గంటలు బొండలో కాళ్లు బిగింపవచ్చును. నేరమొక్కటే; కులమునుబట్టి శిక్ష వేఱు. ఇది ఏ మనుస్మృతిలోని మాటయో కాదు, కుంఫిణీవారు అచ్చువేసిన శాసనము.

మనుష్యులకు బొండయైనట్లు పసులకు బందెలదొడ్డి. 1871 నాటి పశువుల చట్టమునందు జరిమానా పట్టిక గలదు. ఏనుగునకు రెండు రూపాయలు; గేదెకు ఎనిమిదణాలు; ఆవునకు, ఎద్దునకు నాలుగణాలు; దూడకు రెండణాలు; మేకకు, గొఱ్ఱెకు అణా. పైకి స్వల్పముగానే తోచును. రెండెద్దులు, రెండావులు, ఒక గేదె, రెండు దూడలు, ఇరువది మేకలు గల రైతును తలచుకొనుడు. లెక్క కట్టినచో నలువది యెనిమిదణాలు, అనగా మూడు రూపాయలు. దొడ్డిలో వేసిన మేతఖర్చు దీనికి అదనము. ఏడు దినములలో విడిపించుకొననిచో నోటీసు పడును. ఆపై మఱి యేడు దినములు గడచిన వేలము. అన్యాయముగా పట్టినారని పది దినములలోపల మేజిస్ట్రేటునకు మొఱపెట్టుకొను హక్కు చట్టమున లేకపోలేదు. కాని వ్రాలు రాని కాపరి యే కచ్చేరీకి నడచును? నడచునంతవఱకు నాగలి యెవరు లాగుదురు? మనుష్యుని విచారించిన పిదప శిక్షింతురు. పశువును ముందు శిక్షించి పిదప విచారింతురు. భారతమునందు గోగ్రహణముతో యుద్ధమే వచ్చినది. పల్నాటియందును అట్లే యయ్యెను.

1921లో సహాయనిరాకరణము దేశమంతట వ్యాపించెను. పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమనిరి. మించాలపాటిలో ముందు నిలిచినవాడు హనుమంతు. అడవి ఉద్యోగులకు పల్లెలు సాంఘిక బహిష్కారము విధించెను: దినుసులు అమ్మువారు లేరు, బట్టలుతుకువారు లేరు, క్షౌరము చేయువారు లేరు. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ బాధలో అధిక భాగము పడినవారు చిన్న జీతపు గార్డులే; చట్టము చేసిన దొరలకు అది సోకలేదు. అయినను రైతుచేతనున్న ఆయుధమదొక్కటియే.

పల్నాటి స్థితి విచారించుటకు కాంగ్రెసు పంపగా వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వేదాంతము నరసింహాచార్యులుగారును బంధింపబడి యేడాది శిక్ష పొందిరి. ఉన్నవవారు రాయవేలూరు చెఱలో మాలపల్లి రచించుట చదువరులెఱిగినదే. బయటినుండి వచ్చిన నాయకులు చెఱకు పోయినను పల్లెలు లొంగలేదు. ఊరిలో పుట్టినవాడు ఊరిలోనే యుండెను గదా.

1922 ఫిబ్రవరి వచ్చెను. ఆ నెల 4వ తేదీన చౌరీచౌరాలో పోలీసుఠాణా దగ్ధమయ్యెను. 12వ తేదీన బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేసెను. పెదనందిపాటి పన్నుల నిరాకరణయు ముగిసెను. కాని పల్నాటి కాపరికి పుల్లరి కాంగ్రెసు తీర్మానముతో పుట్టలేదు, తీర్మానముతో పోవుటకు. పసులు దినదినము మేయవలసినవే.

ఆ నెల చివరి భాగమున సాయుధ పోలీసు బలము మించాలపాటికి వచ్చెను. పసులను పట్టుటతో ఊరివారు అడ్డుపడిరి. పోలీసులు తుపాకులు పేల్చిరి. ఏబది దాటిన హనుమంతు గుండ్లు తగిలి పడిపోయెను. ప్రాణములర్పించినవాడు ఆయన యొక్కడే కాడు. పడియుండి దాహమడిగిన ఆయనకు నీరిచ్చుటకు వచ్చినవారిని పోలీసులు దరిజేరనీయలేదని పల్నాటి పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. పాటలయందును ఆ దాహపు ఘట్టము వచ్చినచో వినువారు నేటికిని కన్నీరు పెట్టుదురు.

కాల్పుల పిదప పల్నాటి ఉద్యమము సన్నగిల్లెను. ఆ పిమ్మట ఇరువదియైదేండ్లకు దేశము స్వతంత్రమయ్యెను. బందెలదొడ్లు గ్రామ పంచాయతీల వశమయ్యెను.