నడుమ నిలిచిన నాజరు

బుర్రకథకు ముగ్గురు కావలెను. నడుమ తంబురా భుజముపై మోపి, వ్రేళ్ళకు అందెలు తొడిగి, గజ్జెల కాళ్ళతో ముందుకును వెనుకకును అడుగులు వేయు కథకుడు. అతనికి ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు. కుడి ప్రక్క వంత లోకజ్ఞుడు. కథ ఏ కాలమునాటిదైనను దానిని ఈనాటి రాజకీయములకు ముడిపెట్టువాడు ఇతడే. ఎడమ ప్రక్క వంత హాస్యగాడు. ఈ మువ్వురిలో ఒక్కడు రాకున్నను ఆ రాత్రి కథ లేదు. మూడు పాళీల పని నడచు మా గోదావరిఖని వంటి బొగ్గుగనుల ఊరిలో, ముగ్గురు స్నేహితులు ఒకే సాయంత్రము తీరిక చేసికొనుట ఎంత కష్టమో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. అటువంటి దళమును కొన్ని దశాబ్దముల పాటు నిలబెట్టి, ప్రక్కనున్న మనుషులు మారినను కథ చెడకుండ చూచుకొన్నవారు షేక్ నాజరు.

సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడిన 1920వ సంవత్సరముననే, ఫిబ్రవరి 5వ తేదీన, గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున ఆయన జన్మించినారు. నిరుపేద దూదేకుల కుటుంబము. దూది ఏకువారికి పింజారీలని మరియొక పేరు కలదు. తెలుగునాట కొందరు ఆ పేరును తిట్టుగా వాడుకొనుట మన భాషకు అంటిన మచ్చ. నాజరు తన జీవితమును చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థము చేసినారు. ఆ గ్రంథమునకు పెట్టిన పేరు పింజారి. లోకము విసరిన తిట్టును ఆయన తలపాగాగా చుట్టుకొన్నారన్నమాట.

బాల్యముననే ఆయనకు నాటకముల వేషములు దొరకినవి. గొంతు అటువంటిది. ఆ గొంతును విన్నవారి చలవ వలన నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి వద్ద కర్ణాటక సంగీతము నేర్చుకొను అవకాశము కలిగినది. కాని సంగీతము కడుపు నింపదు. ఊరికి తిరిగివచ్చి దర్జీ పని పట్టినారు. పగలు కుట్టుపని, రాత్రి నాటకము. ఇట్లే సాగియుండిన నాజరు పేరు పొన్నెకల్లు పొలిమేర దాటియుండెడిది కాదేమో.

1940వ దశకమున కమ్యూనిస్టు పార్టీ తన భావములను పల్లెలకు చేర్చుటకు తగిన కళను వెదకుచుండినది. 1943లో ప్రజానాట్యమండలి వెలసినది. నాటకమునకు తెర కావలెను, వేదిక కావలెను, పదిమంది నటులు కావలెను. జంగము కథయని, శారద కథయని, తందాన కథయని పలు పేర్లతో ఊరూర తిరుగుచుండిన పాత కళకు ఇవేవియు అక్కరలేదు. నాలుగు బల్లలు, ఒక దీపము చాలును. వెనుకటి దినములలో జంగము దేవర నడుమ నిలువగా అతని భార్యలే వంతలుగా ఉండెడివారు. కుటుంబమే దళము. ఆ కళను పార్టీ చేపట్టిన తరువాత రక్తసంబంధము లేని మువ్వురు, వేరువేరు కులములవారు, ఒకే తందానకు గొంతు కలుపవలసి వచ్చినది. తుళ్ళూరు ప్రాంతమున అట్లు కూడిన తొలి దళమున నాజరుతో పాటు వేపూరి రామకోటి, పురుషోత్తం ఉండిరి. నాజరు మొదట నిలిచినది నడుమ కాదు, ప్రక్కన. వంతగా మొదలిడి కథకుడైనారు. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, ఆయన కళకు మూలము ఇదేయని నా అభిప్రాయము. ప్రక్కన నిలిచి గుమ్మెట వాయించినవానికి వంత ఎక్కడ ఊపిరి తీయునో, ఎక్కడ మాట అందుకొనునో తెలియును. రేపు క్రొత్తవాడు వచ్చి నిలిచినను అతనిచే కథ నడిపింపగల నేర్పు అట్టివానికే అబ్బును.

ఆయన తెచ్చిన క్రొత్తదనము మరియొకటి కలదు. నేర్చిన సంగీతమును, నాటకములలో పండిన అభినయమును బుర్రకథలోనికి దింపినారు. కథకుడు కేవలము కథ చెప్పువాడుగా ఉండిపోక, ఒక్క గడియలో రాజై, సేవకుడై, కొడుకును పోగొట్టుకొన్న తల్లియై కనబడసాగినాడు. సుంకర సత్యనారాయణ వ్రాసిన కష్టజీవి, అల్లూరి సీతారామరాజు వంటి కథలు ఈ కళకు క్రొత్త వస్తువునిచ్చినవి. 1943 నాటి బెంగాలు కరువును, బొబ్బిలి యుద్ధమును, పల్నాటి యుద్ధమును నాజరు కథలుగా చెప్పినారు.

వీనిలో పల్నాటి యుద్ధమును గూర్చి కొంత ఆగి చెప్పవలెను. శ్రీనాథుని కాలము నుండియు ఆ వీరగాథ తెలుగువారికి పరిచితమే. నాగమ్మ పన్నుగడలు, కోడిపందెము, కారంపూడి రణరంగము ఎవ్వరు చెప్పినను జనులు వినుదురు. అందు బ్రహ్మనాయుని చాపకూడు ఘట్టము కలదు. అన్ని కులములవారును ఒకే చాపపై కూర్చుండి భుజించుట. ఇటువంటి ఘట్టము వచ్చినప్పుడే కుడి ప్రక్క వంతకు పని. ఆ ఊరి బావి వద్ద ఎవరు నీరు తోడుకొనవచ్చునో, ఎవరు దూరముగా నిలువవలెనో అడుగుటకు ఇంతకు మించిన తావు దొరకదు. కథ ఏడు వందల యేండ్ల నాటిది, ప్రశ్న ఆ రాత్రిది. నడుమనున్నవాడు దూదేకుల బిడ్డయైనప్పుడు ఆ ప్రశ్న బరువు మరింత హెచ్చును.

ఆ యేండ్లలోనే మోటూరి ఉదయం నాయకత్వమున స్త్రీల బుర్రకథ దళము బయలుదేరినది. నైజాము ఏలుబడిలోని మన తెలంగాణమున సుద్దాల హనుమంతు బుర్రకథను, గొల్ల సుద్దులను పోరాటమునకు ఆయుధములుగా మలచుకొన్నారు.

1948 నుండి అణచివేత మొదలైనది. ప్రజానాట్యమండలి దళములు చెదరిపోయినవి. కొందరు చెరసాలల పాలైరి, కొందరు అజ్ఞాతవాసమునకు పోయిరి, కొందరు మద్రాసు చేరి సినిమాలలో బ్రతుకుతెరువు వెదకుకొనిరి. పార్టీ కూర్చిన దళమునకు పార్టీయే లేకున్న అన్నమెవరు పెట్టవలె? గరికపాటి రాజారావు 1953లో తీసిన పుట్టిల్లు చిత్రమునను, 1954 నాటి అగ్గిరాముడు చిత్రమునను నాజరు బుర్రకథ చెప్పినారు. రెండవ చిత్రములో చెప్పినది అల్లూరి సీతారామరాజు కథ. పార్టీ సభలకు ఎన్నడును పోనివారు సైతము ఆ చిత్రము వలన నాజరు గొంతు విన్నారు.

తరువాతి కాలమున ఆయన దళమున వంతలు వచ్చుచు పోవుచు ఉండిరి. పని నేర్చినవాడు వేరుపడి తానే నడుమ నిలువగోరుట సహజము. పిల్లజమీందారుల వలె శిష్యులను కట్టివేసుకొను గురువులు మనకు కొత్త కాదు. నాజరు మాత్రము నేర్పుచునే పోయినారు. ఇంతలో ప్రభుత్వమునకును బుర్రకథ రుచించినది. కుటుంబ నియంత్రణ, పంచవర్ష ప్రణాళికలు మొదలగు విషయములపై దళములకు పని దొరకినది. కళాకారుల పొయ్యి వెలిగినందుకు సంతోషించవలసినదే. కాని కుడి ప్రక్క వంత గతి ఏమైనది? ప్రశ్నించువాడు తల యూపువాడైనాడు. బుర్రకథకు వేషము మిగిలి పదును తగ్గుట అచ్చటనే ఆరంభమైనదని నేననుకొందును. అయినను ఆ దారిని నడచినవారందరును మొద్దుబారలేదు. మన గనుల ప్రాంతమున ఇంటింట వినబడిన పాటల గద్దరు, 2023లో కన్నుమూసినవారు, తొలినాళ్ళలో బుర్రకథ చెప్పినవారే.

1986లో కేంద్రప్రభుత్వము నాజరుకు పద్మశ్రీ నిచ్చినది. 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆయన మరణించినారు. ఆయనను చూడదలచినవారికి అగ్గిరాముడులోని ఆ ఘట్టము నేటికిని దొరకును. చూచునప్పుడు నడుమనున్నవాని మీదనే కన్ను నిలుపక, అతడు మాట విడిచిన క్షణమున ఇరుప్రక్కలవారు దానిని ఎట్లు అందుకొనుచున్నారో గమనింపవలెను.